రెండు స్టేషన్ల సుంకం

సిడ్నీకి చదువుకోవడానికి వచ్చిన తొలి ఏడాది నేను విమానాశ్రయంలో, అంతర్జాతీయ టెర్మినల్‌లోని ఒక కాఫీ దుకాణంలో పనిచేశాను. మొదటి రోజు స్టేషన్ గేటు దగ్గర ఓపల్ కార్డు (అక్కడి రైళ్ళు, బస్సుల ఛార్జీ కట్టే కార్డు) ఆనించగానే చిన్న తెర మీద కనిపించిన మొత్తం చూసి, యంత్రం పొరబడిందనుకొని పక్కకు జరిగి నిలబడిపోయాను. పొరపాటేమీ లేదు. రైలు ఛార్జీకి తోడు ఆ స్టేషన్‌ను వాడుకున్నందుకు వేరుగా వసూలు చేసే స్టేషన్ యాక్సెస్ ఫీజు అందులో కలిసింది. ఇప్పుడది పెద్దవాళ్ళకు 17 డాలర్లు దాటింది. వెళ్ళేటప్పుడు ఒకసారి, తిరిగి వచ్చేటప్పుడు మరోసారి.

రైళ్ళు నడిపేది ప్రభుత్వమే. 2000 ఒలింపిక్స్‌కు కొన్ని నెలల ముందు మొదలైన ఈ మార్గంలో గ్రీన్ స్క్వేర్, మాస్కట్, రెండు టెర్మినళ్ళ స్టేషన్లను మాత్రం ఒక ప్రైవేటు కంపెనీ కట్టి, 2030 వరకు నడుపుకొనేలా ఒప్పందం కుదిరింది. అనుకున్నంత మంది ఎక్కకపోవడంతో ఆ ఏడాది తిరగకుండానే కంపెనీ, అప్పులిచ్చినవాళ్ళ తరఫున వ్యవహారాలు చూసే రిసీవర్ల చేతిలోకి వెళ్ళింది. 2011 మార్చిలో ప్రభుత్వం తానే కంపెనీకి చెల్లించే ఏర్పాటు చేసుకొని గ్రీన్ స్క్వేర్, మాస్కట్‌లలో ప్రయాణికులకు ఈ భారం తప్పించింది. విమానాశ్రయపు రెండు స్టేషన్లలో అది అలాగే ఉండిపోయింది.

వారానికి ఇంతకు మించి వసూలు చేయకూడదన్న పరిమితి ఉన్న మాట నిజమే. అయితే ఒక్క రోజు వెళ్ళి వస్తేనే దాదాపు ఆ పరిమితి నిండిపోతుంది కనుక, ఐదు రోజులు పనిచేసే ఉద్యోగీ, వారాంతంలో ఒక్క షిఫ్టు దొరికిన విద్యార్థీ ఇంచుమించు ఒకే మొత్తం కడతారు. ఆ విద్యార్థికి గంటకు పైగా పడిన కష్టం గేటు దగ్గరే ఖర్చైపోతుంది. అందుకే నేనూ, నాతో పనిచేసిన నేపాలీ మిత్రుడూ ఈ ఫీజు లేని పక్క స్టేషన్ వొల్లీ క్రీక్‌లో దిగి, తెల్లవారకముందే కుక్స్ నది దాటి నడిచేవాళ్ళం. చలికాలంలో గడ్డి మీది మంచుకు బూట్లు తడిసి, మధ్యాహ్నం దాకా మేజోళ్ళు ఆరేవి కావు.

మాస్కట్‌కు చేసిన ఏర్పాటు విమానాశ్రయంలో పనిచేసేవారికైనా చేయడానికి 2030 దాకా ఆగవలసిన అవసరం లేదని నా గట్టి నమ్మకం.

నాన్నగారు వచ్చినప్పుడు సామాను ఎక్కువగా ఉండడంతో రైలే ఎక్కించాను. ‘‘సర్కారు రైలే కదా, ఇంతెందుకయిందిరా?’’ అని అడిగారు. దారి పొడవునా ఒప్పందం సంగతి చెప్పాను. తిరుగు ప్రయాణంలో ఆయనే మాస్కట్‌లో దిగుదామన్నారు. పెట్టెలు పట్టుకొని 420 నంబరు బస్సు కోసం ఇద్దరం నిలబడ్డాం.