పసుపు కండువా, అమ్ముగూడ సైకిల్

మా ఇంట్లో తలుపు వెనక మేకుకి ఒక పసుపు కండువా వేలాడుతుంటుంది. హైదరాబాద్ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ టీమ్ వాళ్లది. 2019లో గచ్చిబౌలి స్టేడియం బయట కొన్నాను, మా వాడు ఏడో తరగతిలో ఉన్నప్పుడు. ఆ టీమ్ ఇప్పుడు ఊళ్లో లేదు. 2025లో ఢిల్లీకి వెళ్లిపోయింది, పేరు కూడా మార్చేసుకుంది. "టీమ్ ఎలా వెళ్లిపోతుంది నాన్నా, అదేమన్నా అద్దెకున్న సంసారమా?" అన్నాడు వాడు. నవ్వొచ్చింది గానీ సరిగ్గా అదే. పుణెలో ఒక టీమ్ మూతపడితే దాని చోటులో ఇక్కడ పుట్టింది, ఆరేళ్లకి ఇక్కడి నుంచీ సామాను సర్దుకుంది.

మధ్యలో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు కూడా గెలిచింది. 2022 మార్చి 20, ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్ మీద. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. నేను సోఫా ఎక్కి అరిచాను. తమాషా ఏంటంటే కరోనా వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది. మన టీమ్ దేశానికి చాంపియన్ అయిన ఏడాది మన ఊళ్లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు!

హైదరాబాద్ ఫుట్‌బాల్ ఏమైపోయిందని ఎవర్నడిగినా "క్రికెట్ మింగేసింది" అంటారు. నేనొప్పుకోను. ఈడెన్ గార్డెన్స్ ఉన్న కలకత్తాలో ఫుట్‌బాల్‌ని క్రికెట్ ఎందుకు మింగలేదు మరి?

కలకత్తాలో ఉన్నవి క్లబ్బులు. మోహన్ బగాన్ 1889లో పుట్టింది. 1911లో ఐఎఫ్ఏ షీల్డ్ అనే టోర్నమెంట్ ఫైనల్లో బ్రిటిష్ సైన్యపు టీమ్ ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ని 2-1తో కొట్టింది. 1920లో ఈస్ట్ బెంగాల్ వచ్చింది. చందా కట్టే సభ్యులుంటారు, తాత కట్టిన చందా మనవడు కొనసాగిస్తాడు. దేశం మొత్తానికి ఏఐఎఫ్ఎఫ్ అనే సమాఖ్య ఏర్పడింది 1937లో, అదీ సిమ్లాలో, సైన్యం ఆఫీసులో. అంతకు చాలా ముందే, 1888లో, డ్యూరాండ్ కప్ మొదలైంది కూడా సిమ్లాలోనే. సమాఖ్య కింద రాష్ట్ర సంఘాలు, వాటి మధ్య 1941 నుంచి సంతోష్ ట్రోఫీ. దేశవ్యాప్తంగా క్లబ్బుల లీగ్ పెట్టడానికి మాత్రం 1996 దాకా ఆగాం. అప్పటిదాకా ఊరికో కప్పు, కప్పుకో రైలు ప్రయాణం.

హైదరాబాద్‌లో ఉన్నవి ఆఫీసులు. నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేశారు. ఆయన చిన్నప్పుడు ఊరికి హీరోలు సిటీ పోలీస్ టీమ్ వాళ్లు. 1950 నుంచి 1954 వరకు బొంబాయి రోవర్స్ కప్ వరసగా ఐదుసార్లు వాళ్లదే. 1950లో మోహన్ బగాన్‌ని ఓడించి డ్యూరాండ్ కూడా తెచ్చారు. "డ్యూటీ దిగి వచ్చి ఆడేవాళ్లురా" అని నాన్న ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు.

వాళ్ల వెనకున్న మనిషి కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులు. ఆయన పద్ధతులు నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. డ్రిబ్లింగ్ చెయ్యకూడదన్న షరతుతో ఒక టోర్నమెంట్, బలహీనమైన కాలితోనే ఆడాలని ఇంకో టోర్నమెంట్ పెట్టేవాడాయన. నేను స్కూల్ టీమ్‌లో రైట్ బ్యాక్‌ని. ఎడమ కాలితో కొడితే బంతి నేరుగా పక్క కాంపౌండులోకే! ఆయన దగ్గర అరగంట నిలిచేవాణ్ని కాదు.

1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో, చాలామంది బూట్లు లేకుండా దిగిన మనవాళ్లు యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడారు. నాలుగేళ్లకి మెల్‌బోర్న్‌లో రహీం కోచ్‌గా ఉన్న భారత టీమ్ ఆస్ట్రేలియాని 4-2తో గెలిచి సెమీస్‌కి చేరింది, చివరికి నాలుగో స్థానం. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టింది ఆ మ్యాచ్‌లోనే. ఇక 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వకపోవడాన్ని మనవాళ్లు తప్పుపట్టారని భారత్ మీద మంట, స్టేడియమంతా మనకి ఎదురుగా. పీకే బెనర్జీ ఒక గోల్. డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని తలకి కట్టుతోనే ఫార్వర్డ్‌గా దింపారు రహీం సాబ్, రెండో గోల్ అతనిది. దక్షిణ కొరియా మీద 2-1, బంగారం. గోల్‌లో తంగరాజ్, ముందు బలరాం, ఇద్దరూ మనవాళ్లే. అప్పటికే క్యాన్సర్‌తో ఉన్న రహీం 1963 జూన్‌లో పోయారు.

తులసీదాస్ బలరాం సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి. సికింద్రాబాద్ అమ్ముగూడ పేద కుర్రాడు. ప్రాక్టీసుకి సిటీకి రమ్మంటే అంత దూరం రావడానికి డబ్బుల్లేవన్నాడట, సైకిల్ అద్దె రహీం సాబే ఇచ్చారంటారు. అంత చేస్తే, 1957కల్లా ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లిపోయాడు. తప్పు పట్టలేం. హైదరాబాద్ ఆటగాళ్లు హబీబ్, నయీముద్దీన్, అందరిదీ అదే రైలు. బలరాం 2023లో పోయేదాకా బెంగాల్‌లోనే ఉన్నాడు. ఈ తరంలో నిజామాబాద్ తండా పిల్ల గుగులోత్ సౌమ్య క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ దాకా వెళ్లింది. తిరిగొచ్చిన కొన్నాళ్లకి ఏ క్లబ్? ఈస్ట్ బెంగాలే.

మనదగ్గర ఫుట్‌బాల్ అంటే స్పోర్ట్స్ కోటా. ఆడితే గుమాస్తా కొలువో, కానిస్టేబుల్ కొలువో వస్తుంది, పెళ్లవుతుంది, క్వార్టర్ దొరుకుతుంది. 1991లో నేనూ ఒక డిపార్ట్‌మెంట్ ట్రయల్స్‌కి వెళ్లాను. మూడు రోజులు ఎండలో పరిగెత్తించి, నాలుగో రోజు "ఈ ఏడాది రిక్రూట్‌మెంట్ లేదు" అన్నారు. మా బ్యాచ్‌లో బాగా ఆడేవాళ్లు ఇద్దరు ఆటో కొనుక్కున్నారు, ఒకడు దుబాయ్ వెళ్లాడు. కొలువులు ఆగాయి, ఆట ఆగింది. అంతే, క్రికెట్ దాకా వెళ్లక్కర్లేదు. సిటీ పోలీస్‌కి చందాదారుల్లేరు కాబట్టి అడిగేవాళ్లూ లేరు.

ఐఎస్‌ఎల్ వచ్చాక యజమాని మారాడు, అంతే. అప్పుడు డిపార్ట్‌మెంటు, ఇప్పుడు కంపెనీ. 2010లో ఏఐఎఫ్ఎఫ్ ఒక కంపెనీతో 15 ఏళ్లకి 700 కోట్ల ఒప్పందం రాసుకుంది, అందులోంచే 2014లో ఈ లీగ్ పుట్టింది. గడువు దగ్గరపడ్డాక, 2025 జులైలో, కొత్త ఒప్పందం తేలక సీజన్నే పక్కన పెట్టారు. ఇంత పెద్ద దేశపు లీగ్ ఒక్క అగ్రిమెంటు మీద నిలబడితే టెన్షన్ కాక ఇంకేముంటుంది?

మొన్న ఆదివారం మా వాణ్ని బండెక్కించుకుని అమ్ముగూడ వెళ్లాను. అక్కణ్నుంచి గోషామహల్ పోలీస్ గ్రౌండ్ వరకు. బలరాం కచ్చితంగా ఏ దారిన తొక్కాడో నాకెలా తెలుస్తుంది, ఏదో నా ఊహ. తిరుమలగిరి, ప్యారడైజ్, ట్యాంక్‌బండ్, అబిడ్స్. సిగ్నళ్లలో ఆగుతూ పోతే గంట దాటింది. నా నడుం పట్టేసింది. వాడు గేటు దగ్గర దిగి ఫోన్‌లో దూరం చూసి, "ప్రాక్టీస్ అయ్యాక మళ్లీ ఇదంతా తొక్కి ఇంటికెళ్లాలా?" అన్నాడు.

అవునన్నాను. ఇద్దరం ఎదురుగా ఉన్న హోటల్లో చాయ్ తాగి, తిరిగి బయల్దేరాం.