సింహమా, నీళ్లా?

లాడ్జి ఎంచుకోవడానికే మాకు మూడు నెలలు పట్టింది. రాత్రి భోజనాలయ్యాక మా ఆయనా నేనూ పక్కపక్కన కూర్చుని ఫోన్లో ఫొటోలు చూసేవాళ్లం. అడవి అంచున అద్దాల గది, గది ముందు చిన్న ఈతకొలను, కొలను అవతల నీళ్లు తాగే ఏనుగు. ఏ లాడ్జి చూసినా ఇదే. ముప్ఫయ్యో పెళ్లిరోజుకని ఏళ్ల తరబడి దాచిన డబ్బు కాబట్టి ఆచితూచి చూశాం. అయితే చూసిందంతా గదినే. ఆ గది ఏ నేల మీద ఉందో మాత్రం చూడలేదు.

మొదటి మూడు రాత్రులు దక్షిణాఫ్రికాలో, క్రూగర్ అనే పెద్ద వన్యప్రాణి పార్కుకు పడమటి వైపు. లాడ్జి పేరు రాయను. గది అచ్చం ఫొటోలో ఉన్నట్టే ఉంది, పనివాళ్లు మర్యాదస్తులు. కానీ అది పార్కు బయట ఉంది. గేటుకు ముప్పావుగంట ప్రయాణం. మే నెలలో గేటు ఉదయం 6 గంటలకు తెరుస్తారు. నాలుగున్నరకే లేచి, కంబళ్లు కప్పుకుని, చుట్టూ తెరిచి ఉన్న జీపులో చలిగాలికి వణుకుతూ వెళ్తే, అక్కడ అప్పటికే బండ్ల వరస. లోపలికి వెళ్లాక రోడ్డు దిగకూడదు. అడవికి అది మంచి నియమమే. కానీ సింహం ఎక్కడో పొదలో పడుకుంటే రోడ్డు మీద నుంచే మెడలు సాచి చూడాలి. మాకు కనబడిన ఒకే ఒక్క సింహం దగ్గర పద్దెనిమిది బండ్లు. లెక్కపెట్టాను. దాని తోక మాత్రం బాగా కనబడింది. చీకటి పడకముందే మళ్లీ గేటు దాటాలి. చివర్లో బిల్లు చూస్తే జీపు ప్రయాణాలకు వేరే, పార్కు రుసుముకు వేరే. మూడు రాత్రులకు ఇద్దరికీ లక్షా డెబ్భై వేలు అనుకున్నది రెండు లక్షలు దాటింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ గేటు వరసలోనే డర్బన్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన పరిచయమయ్యారు. నా నుదుటి బొట్టు, మా మాటలు గమనించి "తెలుగా?" అని అడిగారు. చెరకు తోటల్లో పనికి మద్రాసు నుంచి ఓడల్లో వచ్చినవాళ్ల సంతతి. 1860లో మొదలైన ఆ వలసల్లో ఏ ఓడ మీద తమ వాళ్లు వచ్చారో ఆయనకు తెలియదు. డర్బన్లో 1931లో పుట్టిన ఆంధ్ర మహాసభ చలవతో చిన్నప్పుడు కొంత తెలుగు నేర్చుకున్నారట. ఆ ఒక్క మాట తర్వాత అంతా ఇంగ్లిష్‌లోనే మాట్లాడారు. ఏటా క్రూగర్‌కు వస్తారు, పార్కు లోపల సతారాలో గుడారం వేసుకుంటారు. స్కుకూజా, లోయర్ సాబీ, సతారా, ఇవన్నీ ప్రభుత్వ క్యాంపులు. మేము పెట్టిన దాంట్లో చిన్న భాగంతో అక్కడ ఉండొచ్చు, తెల్లారేసరికి అడవి మధ్యలోనే ఉంటాం. "డబ్బు బాగా పెట్టగలిగితే సాబీ సాండ్‌కు వెళ్లాల్సింది" అన్నారు. అది క్రూగర్‌ను ఆనుకుని ఉన్న ప్రైవేటు అడవి. మధ్యలో ఉన్న కంచె 1993లో తీసేశారు, జంతువులు అటూ ఇటూ తిరుగుతాయి. అక్కడైతే జీపు రోడ్డు దిగి పొదల్లోకి వెళ్లొచ్చు, ఒక చిరుత దగ్గర రెండు మూడు బండ్లకు మించి ఉండనివ్వరు. ఇంత తేడా ఉందని మూడు నెలల్లో మాకు ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

అందుకే తర్వాతి మజిలీ, బోట్స్వానాలోని ఒకవాంగో నది డెల్టాకు వెళ్లేసరికి నాకు లోపల టెన్షనే. అక్కడి క్యాంపు ఇంకా ఖరీదు. మూడు రాత్రులకు ఇద్దరికీ నాలుగున్నర లక్షలు, చిన్న విమానం ఛార్జీ అదనం. జూన్ నుంచి అక్టోబరు దాకా అయితే ఇంకా ఎక్కువ, మేలో కాబట్టి ఆ మాత్రమైనా తగ్గింది. తక్కువ మంది పర్యాటకులు, ఎక్కువ ధర అన్నది ఆ దేశం తెలిసి ఎంచుకున్న విధానం. డెల్టా అంచున ఉన్న మౌన్ ఊరి విమానాశ్రయంలో మా గట్టి సూట్‌కేసును ఒప్పుకోలేదు. మనిషికి 20 కిలోలు, అదీ మెత్తటి సంచిలోనే. బట్టలన్నీ నేల మీద పరిచి సంచుల్లోకి కుక్కి, సూట్‌కేసు అక్కడే వదిలి ఎక్కాం. దిగింది మట్టి రన్‌వే మీద. మేము దిగేముందు జీపులో ఒకతను ఆ రన్‌వే పొడుగునా నడిపి జంతువులు లేవని చూశాడట. ఆయనే మా గైడు. "దుమెలా, మ్మా" అని పలకరించారు. సెత్స్వానా భాషలో ఆడవాళ్లను గౌరవంగా "మ్మా" అంటారు. నా చెవికి మాత్రం "అమ్మా" అనే వినబడింది.

క్యాంపు అంటే ఎనిమిది గుడారాలు. కొలను లేదు, అద్దాలు లేవు. స్నానానికి వేడినీళ్లు గుడ్డ తొట్టిలో పోసి తాడుతో పైకి లాగుతారు. చీకటి పడ్డాక గుడారం నుంచి భోజనానికి కూడా మనిషి తోడు లేకుండా కదలనివ్వరు, నీటిగుర్రాలు గట్టెక్కి మేస్తుంటాయి కాబట్టి. మొదటి పూట మా ఆయన ముఖం చూసి ఆయన మనసులో లెక్క ఏమిటో నాకు అర్థమైంది. కానీ అక్కడ మైళ్ల కొద్దీ అడవిలో ఆ క్యాంపు బండ్లు తప్ప ఇంకొకటి లేదు. ప్రభుత్వం ఆ భూమిని ఆ ఒక్క క్యాంపుకే లీజుకు ఇచ్చింది. జీపులో మేమిద్దరమే.

భోజనం గురించి ఒక మాట. మేము శాకాహారులం. క్రూగర్ దగ్గర మూడు రోజులూ పాస్తానే. ఇక్కడా రెండు పూటలు అదే వచ్చేసరికి, వంటావిడను మీరేం తింటున్నారని అడిగాను. ఆమె మొహమాటపడుతూ ఒక గిన్నె తెచ్చింది. బొగోబే. జొన్నపిండితో గట్టిగా కెలికిన ముద్ద, పక్కన మొరోగో, అంటే ఉడికించిన ఆకుకూర. మాది అనంతపురం. మా అమ్మ చేతి జొన్న సంగటి, తోటకూర ఎన్ని వేల మైళ్ల అవతల దొరికాయో! ముద్దకు వేలితో గుంట చేసి కూర పెట్టుకుని తింటుంటే ఆవిడ నవ్వుతూ నిలబడిపోయింది. తర్వాత మూడు పూటలూ మాకు అదే వండింది. మెనూలో లేని ఆ గిన్నె నాకు ఆ ప్రయాణంలో అన్నింటికంటే మంచి భోజనం.

రెండో రోజు మధ్యాహ్నం. జీపు బయల్దేరి పది నిమిషాలు కాకముందే రేడియో మోగింది. ఉత్తరం వైపు సింహాల గుంపు, పిల్లలతో. గైడు బండి ఆపి వెనక్కి తిరిగారు. "ఇంకో సంగతి కూడా ఉంది. ఇవాళ దక్షిణం వైపు నీళ్లు వస్తున్నాయి. రెండూ చూసే సమయం లేదు. సింహమా, నీళ్లా?" అని అడిగారు. మా ఆయన సింహం అన్నారు. క్రూగర్ తోక ఆయనకు ఇంకా గుర్తుంది మరి. నేను "నీళ్లంటే ఏమిటి?" అని అడిగాను.

డిసెంబరు నుంచి మార్చి దాకా అంగోలా ఎత్తుల మీద పడ్డ వాన, వెయ్యి కిలోమీటర్లకు పైగా నడిచి, నమీబియా అంచు దాటి, నెలల తర్వాత ఒకవాంగో డెల్టాకు చేరుతుంది. ఇక్కడ వానలు ఆగిపోయి నేల ఎండిపోయిన కాలంలో వరద వస్తుంది. ఆ నది సముద్రం చేరదు, ఈ ఇసుకలోనే పరుచుకుని ఇంకి, ఆవిరైపోతుంది. ఇదంతా నేను చదివే వచ్చాను. 2014లో యునెస్కో దీన్ని వెయ్యో ప్రపంచ వారసత్వ స్థలంగా చేర్చిందనీ చదివాను. కానీ నీళ్లు వచ్చే ఆ ఘడియను కళ్లతో చూడవచ్చని ఎక్కడా చదవలేదు.

"ఏమండీ, సింహాన్ని రేపు చూద్దాం" అన్నాను. ఆయన ఒక నిమిషం ఏమీ అనలేదు. తర్వాత గైడు వైపు చూసి తలూపారు.

ఎండిన గడ్డిమైదానం. పైన ఒక్క మబ్బు లేదు. గైడు చుట్టూ కళ్లతో వెతికి చూసి, దిగమన్నారు. ముందు చప్పుడు వినబడింది. వేడి పెనం మీద నీళ్లు చల్లినట్టు సన్నగా, ఆగకుండా. నేల పగుళ్లలోంచి గాలి బుడగలై బయటికి వస్తున్న చప్పుడది. తర్వాత కనబడింది. బెత్తెడు లోతు కూడా లేని నీటి నాలుక, ముందు అంచున ఎండు గడ్డిపరకలు, నురగ, పురుగులు, సాలీళ్లు. పురుగులన్నీ పొడి నేల వైపు పరుగులు పెడుతుంటే తెల్ల కొంగలు వరసగా నిలబడి ఏరుకు తింటున్నాయి. గైడు నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, కూర్చోమన్నారు. ఆ పుల్ల దాటి నీళ్లు నా చెప్పుల దాకా రావడానికి పావుగంట పట్టి ఉంటుంది. పాకే పాప కూడా అంతకంటే వేగంగా వస్తుంది.

నాకు ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు. రాష్ట్రంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాలో పుట్టిన దాన్ని. నా చిన్నప్పుడు మా ఊరి చెరువు నిండి మరువ పారింది రెండే సార్లు. రెండో సారి అమ్మ నన్ను నిద్ర లేపి, చేతిలో పసుపు, కుంకుమ, టెంకాయ పట్టుకుని చీకట్లోనే కట్ట మీదికి తీసుకెళ్లింది. ఊరంతా అక్కడే ఉంది. ఎవరూ మాట్లాడటం లేదు, నీళ్ల చప్పుడు వింటున్నారు. గంగమ్మ వచ్చింది అని అమ్మ మెల్లిగా అంది.

గైడుకు ఇదంతా చెప్పాను. ఆయన యేయి తెగవారు. చెట్టు మొద్దును తొలిచి చేసే మొకోరో పడవను ఈ డెల్టాకు తెచ్చింది వాళ్లేనట. వాళ్ల నాన్న మౌన్ దగ్గర మొలాపో సేద్యం చేస్తారు. వరద తీసిన తడి నేలలో విత్తుకునే పంట అది. మా దగ్గరా చెరువు గర్భం ఆరితే అందులో విత్తేవాళ్లు కదా. "మా డబ్బు పేరు తెలుసా, మ్మా?" అని అడిగారు. పుల. తెలుసు, రోజూ మారకం లెక్క వేసుకుంటూనే ఉన్నాను. పుల అంటే వాన అని మాత్రం అప్పుడే తెలిసింది. ఆ దేశంలో శుభం పలకాలన్నా "పుల" అనే అంటారట. వాన పేరు పెట్టుకున్న నోటు ఒకటి నా పర్సులోంచి తీసి చూసుకున్నాను.

మరునాడు సింహాలు కనబడలేదు. మా ఆయన ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఇప్పుడు మా బంధువుల్లో ఎవరైనా ఆఫ్రికా లాడ్జి ఫొటో పంపి ఎలా ఉందని అడిగితే, గది గురించి చెప్పను. పార్కు లోపలా బయటా, సొంత అడవా, జీపుకు ఎంతమంది, ఒక జంతువు దగ్గర ఎన్ని బండ్లు, చుట్టూ నీళ్లే ఉండి పడవలు మాత్రమే తిప్పే క్యాంపా లేక మెట్ట నేల కూడా ఉందా, రేటులో ఏమేం కలిసి ఉన్నాయి, గైడు అక్కడ ఎన్నేళ్లుగా ఉన్నాడు అని రాసి ఇవ్వమని క్యాంపు వాళ్లనే అడగమంటాను.

తిరుగు ప్రయాణంలో మౌన్‌లో రెండు గంటల సమయం దొరికింది. ఊరి మధ్య తమలకానే నది ఇసుక తేలి ఉంది. విమానాశ్రయం ఎదుటి చిన్న దుకాణంలో మొకోలా అనే తాటిజాతి చెట్టు ఆకుతో అల్లిన బుట్ట ఒకటి బేరం చేస్తున్నాను. మేము ఏ వైపు నుంచి వచ్చామో తెలియగానే ఆ దుకాణం ఆవిడ బేరం ఆపేసి, "నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి?" అని అడిగింది. క్యాంపుకు దక్షిణంగా, రెండు పెద్ద చెట్లు, పుట్ట ఉన్న మైదానం దాకా వచ్చాయని, ఆ పుల్ల సంగతి, పావుగంట సంగతి చెప్పాను. ఆవిడ వెనక్కి తిరిగి లోపలి వాళ్లకు గట్టిగా ఏదో చెప్పింది. నాకు అర్థమైన మాట ఒక్కటే. పుల.