జేబులో ఇమిడే తుపాకీని ఎంచుకునే ముందు

జేబులో పెట్టుకోవడానికి ఏ చిన్న తుపాకీ మంచిదని నన్ను అడిగేవాళ్లు ముందుగా తూటా గురించే మాట్లాడతారు. .380 సరిపోతుందా, 9 ఎంఎం ఉండాలా, .32 మరీ బలహీనమా అన్న చర్చే గంటసేపు సాగుతుంది. లైసెన్సు తీసుకుని ఎనిమిదేళ్లుగా జేబులో తుపాకీతో తిరుగుతున్న నాకు ఈ ప్రశ్న చివర్లో రావలసినదిగా కనిపిస్తుంది. ఈ ఎనిమిదేళ్లలో కాల్పుల సాధన చేసే రేంజ్ బయట దాన్ని జేబులోంచి తీయవలసిన అవసరం నాకు ఒక్కసారి కూడా రాలేదు, ఇక ముందు కూడా రాకూడదనే కోరుకుంటున్నాను. అయితే అన్నేళ్లూ అది రోజుకు పది పన్నెండు గంటలు నా కుడి తొడకు ఆనుకుని, నేను కూర్చున్నా నడిచినా మెట్లెక్కినా నాతోపాటే కదులుతూ ఉంది. అంటే జేబు తుపాకీ జీవితమంతా దాదాపు కాల్చకుండా పడి ఉండడంలోనే గడిచిపోతుంది. పడి ఉన్నంతసేపు అది ఎంత క్షేమంగా ఉంటుందన్నదే నా దృష్టిలో మొదటి ప్రశ్న, అందుకే నా ఎంపిక ట్రిగ్గర్ దగ్గర మొదలవుతుంది. ఆయుధాన్ని కనబడకుండా వెంట ఉంచుకోవడాన్ని చట్టం అనుమతించే చోట, ఆ అనుమతి ఉన్నవారిని ఉద్దేశించే ఇదంతా రాస్తున్నాను.

నడుముకు కట్టుకునే గట్టి హోల్‌స్టర్‌లో, అంటే తుపాకీ ఒరలో, తుపాకీ ఒకచోట బిగిసి ఉంటుంది. జేబు అలా కాదు, అది మెత్తటి గుడ్డ, అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా నలుగుతుంది. అటువంటి చోట తేలికగా, కొద్ది దూరం లాగగానే పేల్చే ట్రిగ్గర్ ఉన్న తుపాకీని పెట్టడం నాకు ఇష్టం లేదు. బయట సుత్తి లేకుండా లోపలి స్ప్రింగ్ బలంతో పిన్ తూటాను కొట్టే స్ట్రైకర్ పద్ధతిలో పనిచేసే చాలా పిస్టళ్ల ట్రిగ్గర్‌కు సుమారు రెండున్నర కిలోల ఒత్తిడి చాలు, అది కదలవలసిన దూరం కూడా తక్కువే. డబుల్ యాక్షన్ రివాల్వర్‌లో అదే ఒక్క లాగుడు తూటాను పేల్చే సుత్తిని, అంటే హ్యామర్‌ను, వెనక్కి లేపాలి, తూటాలుండే గుండ్రటి సిలిండర్‌ను తిప్పాలి, ఆపైన హ్యామర్‌ను వదలాలి కాబట్టి చిన్న రివాల్వర్లలో అది ఐదు కిలోల దాకా ఉంటుంది, లాగవలసిన దూరమూ ఎక్కువ. గురి పెట్టేటప్పుడు శత్రువులా అనిపించే ఈ బరువే జేబులో ఉన్నప్పుడు మనల్ని కాపాడుతుంది. తేలిక ట్రిగ్గర్ ఉన్న పిస్టల్‌ను జేబులో పెట్టుకోకూడదని నేను శాసించడం లేదు, కానీ దాన్ని ఎంచుకున్నవారు హోల్‌స్టర్ విషయంలో రెట్టింపు జాగ్రత్తగా ఉండాలి. కింద పడినప్పుడు తూటాను పేల్చే సూది (ఫైరింగ్ పిన్) తనంతట తాను ముందుకు దూకకుండా అడ్డుకునే లోపలి ఏర్పాటు ఉందో లేదో కూడా తెలుసుకోవాలి. ఆ ఏర్పాటు లేని పాత జేబు పిస్టళ్లు చూడడానికి ఎంత ముచ్చటగా ఉన్నా, తాతగారి జ్ఞాపకంగా దక్కినవైనా, పెట్టెలో ఉండవలసినవే తప్ప తూటాతో జేబులోకి ఎక్కవలసినవి కావు.

హోల్‌స్టర్ లేకుండా తుపాకీని జేబులో వేసుకునేవాళ్లను నేను చూశాను, మొదటి నెలలో నేనూ ఆ తప్పు చేశాను. ఒక సాయంత్రం ఇంటికి వచ్చి జేబు ఖాళీ చేస్తూ తుపాకీని బయటికి తీశాను. దానితోపాటు నా తాళంచెవి కూడా వచ్చింది. చెవి కొస ట్రిగ్గర్ గార్డ్ లోపలికి దూరి, ట్రిగ్గర్ పక్కన సన్నగా ఆనుకుని ఉంది. ఆ రోజు నేను ఎన్నిసార్లు కూర్చున్నానో, ఎన్నిసార్లు వంగానో లెక్క వేసుకుంటూ చాలాసేపు నిలబడిపోయాను. ఆ రోజు నుంచి ఆ జేబులో తుపాకీ, దాని హోల్‌స్టర్ తప్ప మరొకటి ఉండదు, చిల్లర నాణెం కూడా ఉండదు. మంచి జేబు హోల్‌స్టర్ ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పుతుంది, తుపాకీని నిటారుగా నిలబెడుతుంది, బయటికి దాని ఆకారం తెలియనివ్వదు, తుపాకీ లాగినప్పుడు తాను జేబులోనే ఉండిపోతుంది. ఈ చివరి గుణం కొనే ముందే పరీక్షించి చూసుకోవాలి, ఎందుకంటే హోల్‌స్టర్‌తో సహా బయటికి వచ్చే తుపాకీ ఆ క్షణంలో ఎందుకూ పనికిరాదు. తుపాకీని తిరిగి లోపల పెట్టేటప్పుడు హోల్‌స్టర్‌ను జేబులోంచి తీసి, కళ్లతో చూస్తూ తుపాకీని అందులోకి జార్చి, రెండింటినీ కలిపి జేబులో పెట్టుకోవాలి. జేబులో ఉన్న హోల్‌స్టర్‌లోకి చూడకుండా తోయడం ప్రమాదకరమైన అలవాటు.

తుపాకీ కొనే ముందు అట్టముక్క కత్తిరించమని నేను అందరికీ చెబుతాను. రూగర్ ఎల్‌సీపీ పిస్టల్ పొడవు సుమారు 131 మిల్లీమీటర్లు, ఎత్తు 91, మందం 21. స్మిత్ అండ్ వెస్సన్ 642 రివాల్వర్ పొడవు 160 మిల్లీమీటర్లు, సిలిండర్ దగ్గర మందం 33. సిగ్ పీ365 పొడవు 147, ఎత్తు 109. ఈ కొలతలతో అట్టముక్కలు కత్తిరించి, వారం రోజులు మీరు రోజూ తొడిగే ప్యాంట్లన్నింటిలో వాటిని వేసుకుని తిరిగితే ఏ కంపెనీ ప్రకటనా చెప్పని సంగతులు తెలుస్తాయి. పీ365 కొలతల అట్ట నా ప్యాంట్లలో సగానికి పైగా జేబుల్లోంచి పైకి తొంగి చూసింది, పట్టినవాటిలో కూడా కూర్చోగానే పొత్తికడుపులో గుచ్చుకుంది. మందం గురించి మాత్రం అట్ట పూర్తిగా నిజం చెప్పదు. రివాల్వర్ సిలిండర్ లావుగా ఉన్నా గుండ్రంగా ఉంటుంది కాబట్టి జేబులో అది ఏదో ఉబ్బులా కనిపిస్తుంది, పలచని పిస్టల్ మూలలు మాత్రం పలచటి గుడ్డ మీద తుపాకీ బొమ్మనే గీస్తాయి. కూర్చుని ఉన్నప్పుడు ప్యాంటు జేబులోంచి తుపాకీ తీయడం దాదాపు అసాధ్యమన్న సంగతి కూడా ఆ వారంలోనే అర్థమవుతుంది. రోజంతా బండి నడిపేవారికి జేబు సరైన చోటు కాదు.

జేబులో ఇమిడే తుపాకీ కావాలన్న ఈ కోరిక కొత్తది కాదు. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన .380 ఏసీపీ తూటా 1908లో వచ్చింది, దానికి తగిన జేబు పిస్టల్‌ను కోల్ట్ కంపెనీ అప్పుడే అమ్మింది. 1931 నాటి వాల్తర్ పీపీకే కూడా ఆ వరుసలోదే. ఆ పాత పిస్టళ్లలో పైభాగంలో ముందుకూ వెనక్కీ జారే స్లైడ్ బరువు, స్ప్రింగ్ బలం మాత్రమే కాల్చినప్పుడు వెనక్కి తోసే ఒత్తిడిని ఆపాలి కాబట్టి అవి ఉక్కుతో బరువుగా ఉండేవి, స్ప్రింగ్ గట్టిగా ఉండేది. పాలిమర్ చట్రం, కాల్చిన క్షణంలో బ్యారెల్‌ను స్లైడ్‌తో బిగించి ఉంచే నిర్మాణం కలిశాక బరువు ఒక్కసారిగా తగ్గిపోయింది. 2003లో కెల్‌టెక్ పీ3ఏటీ, 2008లో ఎల్‌సీపీ వచ్చాక పావు కిలోకు అటూ ఇటూ ఉన్న బరువులో .380 పిస్టల్ మామూలు వస్తువైంది.

ఆ తగ్గిన బరువుకు మూల్యం చేతికి తెలుస్తుంది. ఒకే తూటాను కాల్చినప్పుడు తుపాకీ బరువు సగమైతే అది వెనక్కి తన్నే వేగం రెట్టింపవుతుంది, చేతికి తగిలే శక్తి కూడా దాదాపు రెట్టింపవుతుంది. 266 గ్రాముల ఎల్‌సీపీతో నేను మొదటిసారి సాధన చేసిన రోజు పిడి మీద రెండు వేళ్లే పట్టాయి, చిటికెనవేలు గాలిలో వేలాడింది. ముప్పై తూటాలు కాల్చేసరికి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం ఎర్రగా కందిపోయింది, ఆ తర్వాతి తూటాలన్నీ గురికి కిందుగా పడ్డాయి. తన్ను వస్తుందన్న భయంతో చెయ్యి ముందే కిందికి వంగడం వల్ల అలా జరుగుతుంది. తుపాకీ దుకాణంలో అరచేతిలో పెట్టుకున్నప్పుడు ఎంత హాయిగా ఉంటుందో, రేంజ్‌లో అది అంత కఠినంగా ఉంటుంది. శక్తిమంతమైన .357 మ్యాగ్నమ్ తూటా కాల్చే అతి తేలిక రివాల్వర్లు ఇంకా దారుణం. వాటిలో తన్ను ఎంత బలంగా ఉంటుందంటే, ఇంకా కాల్చని తూటాల గుండ్లు తమ తొట్టిలోంచి (మందు నింపిన ఇత్తడి గొట్టంలోంచి) ముందుకు జారి సిలిండర్‌ను తిరగనివ్వకుండా బిగించేయవచ్చు. కాబట్టి జేబుకు పట్టేవాటిలో అన్నింటికంటే చిన్నదాన్ని కాక, జేబు ఒప్పుకునేవాటిలో అన్నింటికంటే పెద్దదాన్ని చూడమంటాను. నెలకొకసారి యాభై తూటాలు ఇష్టంగా కాల్చలేని తుపాకీతో ఎవరూ సాధన చేయరు, సాధన లేని చేతిలో చిన్న తుపాకీ పెద్దదానికంటే అపాయం.

చివరికి నేను 642 దగ్గర ఆగాను. అల్యూమినియం మిశ్రమంతో చేసిన దాని చట్రం వల్ల ఖాళీగా సుమారు 410 గ్రాములు తూగుతుంది, ఐదు .38 స్పెషల్ తూటాలు పడతాయి. హ్యామర్ లోపలే దాగి ఉంటుంది కాబట్టి గుడ్డకు తట్టుకునే కొమ్ము ఏదీ బయట లేదు. ఈ కుటుంబంలో తొలి రివాల్వర్ 1950లోను, హ్యామర్ దాచిన సెంటెన్నియల్ మోడల్ 1952లోను వచ్చాయి, ఆ ఆకారం ఇప్పటికీ పెద్దగా మారలేదు. కోటు జేబులో ఉంచి బయటికి తీయకుండానే వరుసగా కాల్చగలిగేది కూడా ఇటువంటి రివాల్వరే. పిస్టల్ అయితే మొదటి తూటా తర్వాత స్లైడ్ గుడ్డలో చిక్కుకుని ఆగిపోవచ్చు. ఐదు తూటాలే అన్న వెలితి నాకూ తెలుసు. 2021లో వచ్చిన ఎల్‌సీపీ మ్యాక్స్ అంతకంటే చిన్న ఆకారంలో పది తూటాల మ్యాగజైన్‌తో వస్తుంటే, ఇదేమి పట్టుదల అని నన్ను ప్రశ్నించే మిత్రులున్నారు. వారి లెక్కలో తప్పు లేదు, నా లెక్కలో ట్రిగ్గర్‌కు ఎక్కువ తూకం ఉంది, అంతే.

అయితే నా ఎంపిక మా అక్కకు పనికిరాలేదు. కీళ్లనొప్పులున్న ఆమె వేలు ఆ ఐదు కిలోల ట్రిగ్గర్‌ను రెండుసార్లు లాగి మూడోసారి ఆగిపోయింది. "నాకిది వద్దురా, వేలే విరిగేలా ఉంది" అంది. గట్టి స్ప్రింగ్ ఉన్న పిస్టల్ స్లైడ్‌ను వెనక్కి లాగడం కూడా ఆమెకు కష్టమే. బ్యారెల్ వెనుక భాగం పైకి లేచే బెరెట్టా టామ్‌క్యాట్‌లో తూటాను నేరుగా బ్యారెల్‌లో పెట్టవచ్చు, స్లైడ్ లాగనక్కరలేదు. ఆమె దాన్నే ఎంచుకుంది. .32 బలహీనమన్న వాదన ఆమె ముందు నేను ఎత్తలేదు, ఎందుకంటే ఆమె దానితో గురి తప్పకుండా కాలుస్తుంది.

జేబులోంచి తీసే విధానం మా శిక్షకుడు మొదటి రోజే సరిదిద్దారు. "జేబులో పిడికిలి బిగించకండి, పిడికిలి లోపలికి పోయినంత సులువుగా బయటికి రాదు" అని చెప్పి, బొటనవేలిని రివాల్వర్ వెనుక వీపు మీద ఆనించమన్నారు. అలా పెడితే చెయ్యి సన్నబడి జేబు అంచుకు తగులుకోకుండా వస్తుంది. ఖాళీ తుపాకీతో, తూటాలు మరో గదిలో పెట్టి, ఇప్పటికీ నేను వారానికి రెండుసార్లు దీన్ని అభ్యసిస్తాను.

ఇప్పుడు తూటా సంగతి. 1986లో మయామీలో జరిగిన కాల్పుల తర్వాత ఎఫ్‌బీఐ నెలకొల్పిన కొలత ప్రకారం, పరీక్షకు వాడే జెల్‌లో గుండు 12 నుంచి 18 అంగుళాల లోతు దిగాలి. పొట్టి బ్యారెల్ నుంచి వచ్చే .380 హాలో పాయింట్ గుండ్లు (మూతిలో గుంట ఉండి, తగలగానే విచ్చుకునేలా చేసినవి) విచ్చుకుంటే తరచుగా ఆ లోతు అందుకోవు, గుడ్డతో పూడుకుపోతే అసలు విచ్చుకోవు. నా రివాల్వర్‌లో నేను వాడేవి చదునైన మూతి ఉన్న 148 గ్రెయిన్ల (సుమారు తొమ్మిదిన్నర గ్రాముల) వాడ్‌కటర్లు. అవి విచ్చుకోవడం మీద ఆధారపడవు, మెల్లగా తన్నుతాయి, తగినంత లోతు దిగుతాయి.

ఏ తుపాకీ అయినా, జేబులోకి వెళ్లే ముందు కనీసం రెండు వందల తూటాలు ఆటంకం లేకుండా కాల్చాలన్నది నేను పెట్టుకున్న నియమం. అందులో యాభై మీరు నిజంగా వెంట ఉంచుకునే రకానివే అయి ఉండాలి. ఆ తర్వాత కూడా జేబు తన పని తాను చేస్తూనే ఉంటుంది. నెల తిరిగేసరికి బ్యారెల్ మూతిలోను, సిలిండర్ వెనుక సందులోను బూడిదరంగు నూగు పేరుకుంటుంది, నూనె తగిలిన చోట అది ముద్దగా అంటుకుంటుంది. నెలకొకసారి పాత పళ్లబ్రష్షుతో దాన్ని దులిపి, నూనెను దాదాపు పొడిగా తుడుస్తాను. పిస్టల్ వాడేవారు మరొకటి గమనించాలి. రాత్రి తూటా తీసి పొద్దున మళ్లీ అదే తూటాను బ్యారెల్‌లోకి ఎక్కిస్తూ ఉంటే, గుండు కొంచెం కొంచెంగా తొట్టిలోకి కుంగి, కాల్చినప్పుడు లోపలి ఒత్తిడి ప్రమాదకరంగా పెరగవచ్చు. అందుకే స్లైడ్ లాగి తూటా ఎక్కించే పిస్టల్ ఉన్న మిత్రులకు రాత్రుళ్లు తుపాకీని ఖాళీ చేయవద్దని, హోల్‌స్టర్‌తో సహా తీసి తాళం ఉన్న ఉక్కు పెట్టెలో పెట్టమని చెప్పాను. నా పెట్టె మంచం పక్కనే ఉంది, దాని తాళంచెవి మాత్రం ఎడమ జేబులో ఉంటుంది.