రాత్రి ఫోన్ ఎవరెత్తాలి?

స్టుట్‌గార్ట్‌లో మా టీమ్ చూసేది యంత్రాల విడిభాగాల ఆర్డర్లు తీసుకునే అప్లికేషన్. పాతది తీసేసి కొత్తది రాయాలని తేలాక అసలు చర్చ మొదలైంది. అంతా ఒకే అప్లికేషన్‌గా, అంటే మోనోలిత్‌గా కడదామా? లేక ఆర్డర్లకి ఒకటి, స్టాక్‌కి ఒకటి, బిల్లింగ్‌కి ఒకటి అంటూ మైక్రోసర్వీసులుగా, అంటే విడివిడిగా నడిచే చిన్న అప్లికేషన్లుగా, విడగొడదామా?

హైదరాబాద్‌లో నేను చేసిన ప్రాజెక్టుల్లో ఈ ప్రశ్న మా దాకా వచ్చేది కాదు. క్లయింట్ చెప్పేవాడు, మేం కట్టేవాళ్ళం, రాత్రి సపోర్ట్‌కి వేరే షిఫ్ట్ ఉండేది. ఇక్కడ కొత్తగా చేరిన కుర్రాడు కూడా ఆర్కిటెక్ట్‌ని పేరు పెట్టి పిలిచి "ఎందుకు?" అని అడుగుతాడు. నెట్‌ఫ్లిక్స్ మైక్రోసర్వీసులు వాడుతోంది కాబట్టి మనమూ వాడాలంటే ఎవరూ ఒప్పుకోరు. వాళ్ళకి వేలమంది ఉద్యోగులు, మేం గుప్పెడుమంది.

ఒక సంస్థలో మనుషులు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటారో, వాళ్ళు కట్టే సిస్టమ్ కూడా అదే ఆకారంలో వస్తుందని కంప్యూటర్ శాస్త్రవేత్త మెల్విన్ కాన్వే 1968లోనే రాశాడు. జర్మనీకి వచ్చాక దానికి చట్టాన్ని కూడా కలపాలనిపించింది. ఇక్కడి పనివేళల చట్టం ప్రకారం ఒక రోజు పని ముగిశాక వరుసగా 11 గంటల విశ్రాంతి ఉండాలి. ఆన్‌కాల్‌లో, అంటే సిస్టమ్ ఆగితే ఫోన్ ఎత్తాల్సిన డ్యూటీలో, ఉన్నవాడు రాత్రి రెండింటికి లేచి మూడింటి దాకా లాప్‌టాప్ ముందు కూర్చుంటే, మామూలుగా ఆ 11 గంటల లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. మధ్యాహ్నం రెండు దాకా అతను పనిలోకి రాకూడదు. ఆన్‌కాల్ డ్యూటీలు వెయ్యాలన్నా బెట్రీబ్స్‌రాట్, అంటే ఉద్యోగులు ఎన్నుకున్న మండలి, ఒప్పుకోవాలి. చిన్న టీమ్ డజను సర్వీసులు నడుపుతూ, వాటిలో ఏది ఆగినా రాత్రి లేవాల్సి వస్తే పగలు కోడ్ రాసేదెవరు?

ఒక్క ఆర్డర్‌నే చూడండి. స్టాక్‌లో ఒక బేరింగ్ తగ్గాలి, దానికి బిల్లు పడాలి. ఒకే డేటాబేస్ అయితే రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో అయిపోతాయి. బిల్లు దగ్గర తేడా వస్తే తగ్గిన స్టాక్ దానంతటదే వెనక్కొస్తుంది. అదే వేర్వేరు సర్వీసులు, వేర్వేరు డేటాబేసులు అనుకోండి. స్టాక్ తగ్గాక బిల్లింగ్ సర్వీస్ జవాబివ్వకపోతే, తగ్గినదాన్ని తిరిగి కలిపే కోడ్ మనమే రాయాలి. పైగా బిల్లు అసలు పడలేదో, పడి జవాబు మాత్రమే దారిలో పోయిందో తెలీదు. మళ్ళీ అడిగితే రెండో బిల్లు పడకుండా ప్రతి రిక్వెస్ట్‌కీ ఒక గుర్తింపు నంబర్ ఇవ్వాలి. ఇదంతా మధ్యలో మనం తెచ్చిపెట్టుకున్న నెట్‌వర్క్ కోసం చేసే చాకిరీ.

పెద్ద కంపెనీలు కూడా వెనక్కి వచ్చిన సందర్భాలున్నాయి. వీడియో నాణ్యతను గమనించే ఒక వ్యవస్థను ముక్కల నుంచి ఒకే అప్లికేషన్‌గా మార్చి, ఖర్చు 90 శాతానికి పైగా తగ్గించామని ప్రైమ్ వీడియో ఇంజనీర్లు 2023లో రాశారు.

హైదరాబాద్‌లో నాతో పనిచేసిన తమ్ముడొకడు ఫోన్‌లో, "అన్నా, మోనోలిత్ అని రెజ్యూమెలో ఏం రాసుకుంటావ్? ఇంటర్వ్యూల్లో అందరూ కుబర్నెటీస్ అడుగుతున్నారు" అన్నాడు. ఎక్కువ సర్వీసులను కలిపి నడపడానికి వాడే సాధనం అది. అతని భయం నాకు తెలుసు. వీసా ఉద్యోగానికి ముడిపడి ఉన్నవాళ్ళకి తర్వాతి ఉద్యోగం టెన్షన్ ఎప్పుడూ ఉంటుంది. కానీ ఆ టెన్షన్‌తో వేరేవాళ్ళ సిస్టమ్‌ని డిజైన్ చెయ్యకూడదని గట్టిగా నమ్ముతాను. అతనికీ అదే చెప్పాను.

చివరికి ఒకే అప్లికేషన్ అనుకున్నాం. లోపల మాత్రం మాడ్యూళ్ళ మధ్య గట్టి గోడలు పెట్టాం. బిల్లింగ్ కోడ్ స్టాక్ లోపలి క్లాసులను నేరుగా వాడితే ఈ గోడలను కాపలా కాసే ఆర్క్‌యూనిట్ టెస్ట్ ఫెయిలై బిల్డ్ ఆగిపోతుంది. డ్రాయింగులను పీడీఎఫ్‌గా మార్చే భాగం మెమరీ విపరీతంగా తింటుంది కాబట్టి దాన్నొక్కదాన్నే విడిగా నడుపుతున్నాం. ఈ నిర్ణయాన్నీ కారణాలనూ ఒక పేజీలో రాసి కోడ్ పక్కనే పెట్టాం. రెండో టీమ్ వచ్చిన రోజున ముందు స్టాక్‌ని విడదీయాలన్న మాట కూడా అందులో ఉంది.