వాగు వరుసలో రాసుకున్న ఫోన్ నంబర్లు

ఉమ్మడి వరంగల్ జిల్లాలో రెవెన్యూ ఉద్యోగిగా పనిచేసిన కాలంలో పదకొండు వానాకాలాలు మండల కార్యాలయంలో వరద రిజిస్టరు రాసే బాధ్యత నాది. జూన్ రాగానే కలెక్టరేటులో కంట్రోల్ రూము తెరవడం, 1077 నంబరును ప్రకటించడం, మండలానికో ప్రత్యేకాధికారిని వేయడం ఏటా జరిగేవే, అవసరమైనవే. అయితే ప్రభుత్వంలో సమాచారం గ్రామం నుంచి మండలానికి, మండలం నుంచి జిల్లాకు ఎక్కి, అక్కడి నుంచి పక్క మండలానికి దిగుతుంది. నీళ్లకు మండలాల హద్దులు లేవు, అవి వాగు వెంట నేరుగా పోతాయి. ఈ రెండు దారులకు ఉన్న తేడా ఎంత ప్రమాదకరమో నాకు ఒక ఆగస్టు రాత్రి తెలిసింది.

ఆ రాత్రి మాకు ఎగువన, వేరే మండలంలో, ఒక పెద్ద కుంట కట్ట తెగింది. ఆ సంగతి పైకి పోయి మళ్లీ మా దాకా వచ్చేసరికి గంటన్నర దాటింది. అప్పటికే మా మండలంలోని వాగు ఒడ్డు వాడలో మోకాటి లోతు నీళ్లున్నాయి. నిద్రలో ఉన్నవాళ్లను లేపింది మేము కాదు, కొట్టాల్లో కట్టేసిన బర్రెల అరుపులు. మనుషులకు ప్రాణాపాయం తప్పింది గానీ పదిహేడు బర్రెలు కట్టినవి కట్టినట్టే చనిపోయాయి. తెల్లవారి పంచనామాకు వెళ్లినప్పుడు ఒక గుంజకు మిగిలిన పలుపుతాడును చూశాను. బర్రె గుంజిన గుంజుడుకు ముడి ఎంతగా బిగుసుకుందంటే వేళ్లతో ఊడదీయలేక రైతు కొడవలి తెచ్చి కోశాడు.

ఆ వారమే రిజిస్టరు చివరి పేజీల్లో కొత్త జాబితా మొదలుపెట్టాను. అందులో మండలాల పేర్లు లేవు. వాగు పుట్టే చెరువు, దాని కింద గొలుసుకట్టుగా ఉన్న చెరువులు, కుంటలు, మధ్యలో వచ్చి కలిసే ఒర్రెలు, లోలెవల్ కాజ్‌వేలు, చివరన మా ఊళ్లు, ఇలా నీళ్లు వచ్చే వరుసలోనే అన్నీ రాశాను. ప్రతి చోటుకు ఎదురుగా రెండు నంబర్లు ఉండాలని నియమం పెట్టుకున్నాను. ఒకటి నీటిపారుదల శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు)దో, కాలువలు, తూములు చూసే లష్కరుదో, రెండోది కట్టకు దగ్గరలో ఇల్లున్న మనిషిది. చెరువు నీళ్లను తరతరాలుగా కనిపెట్టుకొని ఉండే నీరటి కుటుంబాలు ఇంకా ఉన్న ఊళ్లలో వాళ్ల నంబరే ముందు రాసుకున్నాను. ఒక చెరువు నిండి మత్తడి, అంటే అలుగు, మీంచి పొర్లిన నీళ్లు మరో చెరువులో పడేటట్టు కాకతీయుల నాటి నుంచి కట్టుకుంటూ వచ్చిన నేల ఇది కాబట్టి, పై చెరువు మత్తడి దుంకిన ఎన్ని గంటలకు కింది చెరువు నిండుతుందో నీరటిని అడిగితే చెప్తాడు. ఆ గంటలను జాబితాలో నాలుగో గడిగా చేర్చాను. అంత పనికొచ్చిన లెక్క నా ఉద్యోగ జీవితంలో మరొకటి లేదు.

మరుసటి ఏడాది రాత్రి రెండు గంటలకు ఎగువ చెరువు నీరటి దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. "సారూ, మత్తడి మీద మూరెడు దాటినయి నీళ్లు. రెండు గంటల్ల మీ కాడికొస్తయి, కిందూరోళ్లను లేపుండ్రి" అన్నాడు. డప్పు చాటింపుతోను, గుడి మైకుతోను మూడు ఊళ్లను లేపి, కాజ్‌వేకు రెండు వైపులా ముళ్లకంప వేయించి, మనుషులను నిలబెట్టిన తర్వాతనే జిల్లాకు సమాచారం పంపాను. వరుస తప్పి పంపినందుకు పై అధికారి ఒకరు సంజాయిషీ అడిగారు. జరిగింది జరిగినట్టు రాసిచ్చాను. మళ్లీ అలాంటి రాత్రి వచ్చినా అదే పని చేస్తాను.

2023 జూలై 27 నాటికి నేను పదవీ విరమణ చేసి హనుమకొండలో ఉన్నాను. ఆ ఉదయంతో ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అంతకుముందు రాష్ట్రంలో రికార్డు 2013 జూలైలో వాజేడులో నమోదైన 517.5 మిల్లీమీటర్లు. 204.5 దాటితేనే వాతావరణ శాఖ దానిని అత్యంత భారీ వర్షం అంటుంది. 650 మిల్లీమీటర్లంటే ఒక్క ఎకరం మీద దాదాపు 26 లక్షల లీటర్లు పోసినట్టు. ఆ రోజే భూపాలపల్లి దగ్గర మోరంచవాగు మోరంచపల్లిని ముంచెత్తితే జనం ఇళ్ల కప్పులెక్కి, చెట్లెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. హెలికాప్టర్లు రావలసి వచ్చింది. ఏటూరునాగారం మండలం కొండాయిలో జంపన్నవాగు ఎనిమిది మందిని పొట్టన పెట్టుకుంది. ఆ ఊళ్ల పేర్లు విన్నప్పుడల్లా నాకు ఒకటే ప్రశ్న వస్తుంది. ఎగువన ఏ కట్ట మీద ఎవరు టార్చిలైటు పట్టుకొని నిలబడాలి, ఆ మనిషి మొదట ఎవరికి ఫోన్ చేయాలి?

గోదావరి సంగతి వేరు. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి, 48కి రెండో, 53కి మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఎగువన కేంద్ర జలసంఘం కొలతలు ఉంటాయి కాబట్టి వరద రాకడ ముందుగానే తెలుస్తుంది. 2022 జూలై 16న నీటిమట్టం 71.3 అడుగులకు చేరినా, వేల మందిని ముందే పునరావాస కేంద్రాలకు తరలించగలిగారు. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత వరద చూసింది అప్పుడే. వాగులు అంత వ్యవధి ఇవ్వవు. రాష్ట్రమంతటా వెయ్యికి పైగా ఆటోమేటిక్ వర్షమాపకాలు ఉన్నా, వాటి అంకె కార్యాలయం తెర మీద కనబడినంత మాత్రాన ఏ కాజ్‌వే ఎప్పుడు మునుగుతుందో తెలియదు. ఆ అంకెను ఫలానా ఊరికి ఇన్ని గంటలు అనే మాటగా మార్చగలిగిన మనిషి ఊళ్లోనే ఉండాలి. 2020లో గ్రామ రెవెన్యూ అధికారుల (వీఆర్వో) వ్యవస్థ రద్దయినప్పుడు ఆ మనిషిని పోగొట్టుకున్నామని నేను గట్టిగా నమ్ముతాను.

సహాయం వరదతో మొదలైతే ఆలస్యమైనట్టే. కాన్పు దగ్గరపడిన గర్భిణుల జాబితా ఆశా కార్యకర్త దగ్గర ఉంటుంది. వాగులు పొంగే ఊళ్ల వాళ్లను వాన ముదరకముందే ఆసుపత్రి ఉన్న చోటికి చేర్చాలి. లైన్‌మన్ ఎవరి మాట మీద ట్రాన్స్‌ఫార్మర్ ఆపాలో ముందే తేల్చుకోవాలి. 2025 జూన్‌లో మూడు నెలల బియ్యం ఒకేసారి ఇచ్చినప్పుడు, దారులు తెగే మన గూడేలకు అది ఎంత మేలో అనుకున్నాను.

నీళ్లు తీసిన తర్వాతి పని ఇంకా కష్టం. పంట నష్టం 33 శాతం దాటితేనే పెట్టుబడి సాయానికి అర్హత, పాడి పశువు చనిపోతే ఒక లెక్క, ఇల్లు కూలితే వేరే లెక్క. పంటకు వ్యవసాయ విస్తరణాధికారి, ఇంటికి పంచాయతీ కార్యదర్శి, పశువుకు పశువైద్యుడు వేర్వేరు రోజుల్లో వస్తే, వాగులో కొట్టుకుపోయిన బర్రెకు రుజువు చూపలేక రైతు మూడుసార్లు అదే దుఃఖం చెప్పుకోవాలి. అందుకే మా మండలంలో ముగ్గురినీ ఒకే ట్రాక్టరు ఎక్కించి, ఇరుగుపొరుగు సాక్ష్యంతో ఒకేసారి పంచనామా రాయించేవాడిని. ఒకసారి పునరావాస కేంద్రంగా పెట్టిన బడిలో ఒక ముసలమ్మ పట్టాదారు పాసుపుస్తకం తడిసిన పుటలను ఒక్కొక్కటిగా విడదీసి, ప్రతి రెండింటి మధ్య విస్తరాకు ముక్క పెట్టి బెంచీ మీద ఆరబెడుతోంది. "అతుక్కుంటే సార్లు చెల్లదంటరు బిడ్డా" అంది. ఆ మధ్యాహ్నమే తడిసిన కాగితాలున్న వాళ్లందరికీ సర్వే నంబర్లు సరిచూసి ధ్రువీకరణ ఇవ్వడానికి ఆ బడిలోనే బల్ల వేసుకొని కూర్చున్నాను. చీకటి పడేదాకా వరుస తగ్గలేదు.

ఉద్యోగం వదిలేటప్పుడు ఆ జాబితా నకలు తీసి నా తర్వాత వచ్చిన వారికి ఇచ్చాను, ఒకటి నా దగ్గర ఉంచుకున్నాను. ఇప్పటికీ ఏటా జూన్ మొదటి వారంలో అందులోని ప్రతి నంబరుకు ఫోన్ చేస్తాను. ఈసారి ఇరవై రెండింటిలో ఐదు పలకలేదు. రెండు ఊళ్లకు స్వయంగా పోయి కొత్త నంబర్లు తెచ్చి కార్యాలయంలో ఇచ్చివచ్చాను. ఎగువ చెరువు నీరటి చనిపోయాడు. అతని కొడుకు హైదరాబాద్‌లో పనిచేస్తున్నాడు. కట్ట పక్కన ఇల్లున్న అతని కోడలి నంబరు రాసుకున్నాను. మత్తడి మీద మూరెడు నీళ్లు ఎంతో తనకు తెలుసని చెప్పింది.