మన మైదానంలో ఒక ఇనుప కుర్చీ వేద్దాం

మనతో చదివినవాళ్లలో గీత వృత్తిలోకి పోయినవాళ్లు చాలామందే ఉన్నారు. నల్లగొండ చుట్టుపక్కల ఊళ్లల్లో తాటిచెట్టు మీంచి పడి నడుం పోయిన మనుషులను మనమందరం చూసినవాళ్లమే. ఎండాకాలం సెలవుల్లో బావిలోకో కాలువలోకో తలకిందులుగా దూకి మెడ విరగ్గొట్టుకున్న పిల్లలనూ చూశాం. చెట్టెక్కేటప్పుడు పడిపోకుండా కాపాడేందుకు 2024లో వచ్చిన కాటమయ్య రక్షణ కవచం కిట్లతో ఇకముందు పడేవాళ్లు తగ్గుతారని ఆశ. ఇప్పటికే పడ్డవాళ్లు ఆపరేషన్ అయ్యి, చక్రాల కుర్చీ ఇంటికొచ్చాక ఏళ్ల తరబడి అరుగు దాటకుండా ఉండిపోతున్నారు. మన పూర్వ విద్యార్థుల సంఘం ఏటా ఇచ్చే చక్రాల కుర్చీ మంచిదే. ఆ కుర్చీలో పొద్దున్నే ఎక్కడికో బయల్దేరే పని కూడా ఉండాలి కదా. బడి మైదానంలో షాట్‌పుట్ వలయం ఎలాగూ ఉంది. దాని దగ్గరే కూర్చుని విసిరేవాళ్లకు చోటు చేద్దామన్నది నా మాట.

ఇది కాలక్షేపం ఆట కాదు. కూర్చుని విసిరేవాళ్లను ఒంట్లో మిగిలిన చలనాన్ని బట్టి ఎఫ్51, ఎఫ్53 లాంటి తరగతులుగా విడదీసి పోటీలు పెడతారు. ఛాతీ కింద చలనం లేని దీపా మలిక్ 2016 రియో పారాలింపిక్స్‌లో ఎఫ్53 షాట్‌పుట్‌లో 4.61 మీటర్లు విసిరి వెండి పతకం తెచ్చింది. కాలువలో దూకి మెడకు దెబ్బ తగిలించుకున్న ధరంబీర్ 2024 పారిస్‌లో ఎఫ్51 క్లబ్ త్రోలో 34.92 మీటర్లతో బంగారం గెలిచాడు. క్లబ్ అంటే సీసా ఆకారంలో ఉండే కర్ర, బరువు 397 గ్రాములు. చేతివేళ్లకు పట్టు సరిగా లేనివాళ్ల కోసమే ఆ పోటీ. మన బావుల్లో మెడ విరిగిన పిల్లలకు దారి అదే.

చెట్టు మీంచి పడ్డవాళ్లకు ఎక్కువగా దెబ్బ తగిలేది ఛాతీ పూసలు అయిపోయి నడుం పూసలు మొదలయ్యే చోట. చేతుల బలం పూర్తిగా మిగులుతుంది. పొట్ట, నడుం కండరాలు ఎంత పనిచేస్తున్నాయన్నదాన్ని బట్టి ఎఫ్54 నుంచి ఎఫ్56 దాకా ఏదో ఒక తరగతిలో పడతారు. కాలు తీసేసినవాళ్లు సాధారణంగా ఎఫ్57. ఈ తరగతుల్లో మగవాళ్లకు గుండు 4 కిలోలు, ఆడవాళ్లకు 3 కిలోలు.

అసలు పని కుర్చీ దగ్గరుంది. మామూలు చక్రాల కుర్చీలోంచి విసిరితే కుర్చీ కదిలి బలమంతా వృథా అవుతుంది. వెల్డింగ్ షాపులో 40 మిల్లీమీటర్ల చదరపు పైపుతో, 2 మిల్లీమీటర్ల మందంతో, విసిరే కుర్చీకి ఫ్రేమ్ చేయించొచ్చు. మెత్తతో కలిపి సీటు ఎత్తు 75 సెంటీమీటర్లు మించకూడదు. చాలామంది ఫ్రేమే 75 చేయించి, పైన మెత్త వేసి పోటీలో ఇరుక్కుంటారు. 10 సెంటీమీటర్ల మెత్త వేసేట్టుంటే ఇనుము 65 దగ్గరే ఆగాలి. సీటు సమంగా గానీ వెనక్కి కాస్త వాలుగా గానీ ఉండొచ్చు, ముందుకు వాలకూడదు. రెండో చేత్తో పట్టుకునే నిలువు కడ్డీ వంపులు లేకుండా ఒకే ముక్కగా ఉండాలి. విసిరేటప్పుడు అది ఊగితే ఒప్పుకోరు.

తొడల మీద సాగని బెల్టు బిగించాలి, ఎలాస్టిక్ పనికిరాదు. పిరుదుల నుంచి మోకాలి వెనక దాకా సీటుకు ఆనే ఉండాలి. గుండు వదిలే క్షణంలో తొడ లేస్తే ఫౌల్. ఫ్రేమ్ నాలుగు మూలలను లారీలకు సరుకు కట్టే రాట్చెట్ బెల్టులతో మేకులకు బిగిస్తారు. విసిరినప్పుడు ఒళ్లు ముందుకు పోయి ఫ్రేమ్ వెనక కాళ్లు లేస్తాయి కాబట్టి ముందు చూసుకోవాల్సింది వెనక బెల్టులే. మనది చల్క నేల. పొట్టి మేకు నాలుగు విసుర్లకే వదులవుతుంది. యాంగిల్ ఇనుముతో మూరెడు పైనే మేకులు చేయించి, తల బయటివైపు వాలేట్టు ఏటవాలుగా దిగ్గొట్టాలి.

చక్రాల కుర్చీ సీటు యాభై సెంటీమీటర్ల దగ్గరుంటుంది, ఫ్రేమ్ సీటు 75 దాకా ఉండొచ్చు. అంటే మనిషిని పైకి ఎక్కించాలి. ఒకరు వెనక నుంచి చంకల కింద, ఇంకొకరు మోకాళ్ల కింద పట్టుకుని ఎత్తాలి. ఈడిస్తే స్పర్శ లేని చర్మం ఒరుసుకుపోతుంది, పుండు మానడానికి నెలలు పడుతుంది. వాడని కాళ్ల ఎముకలు పలచబడి ఉంటాయి, జారిపడితే విరిగినా నొప్పి తెలియదు. తర్వాత కాలు వాచినా వెచ్చబడినా ఎక్స్‌రే తీయించాలి.

మన ఎండ సంగతి చెప్పక్కర్లేదు. ఎండలో పెట్టిన ఇనుప సీటు చర్మాన్ని కాల్చినా కూర్చున్నవాళ్లకు తెలియదు. వెన్నుకు దెబ్బ తగిలిన చోటికి కింద ఒంటికి చెమట పట్టదు కాబట్టి ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది. ఎండాకాలం సాధన పొద్దున ఎనిమిదింటికి ముగించాలి, స్ప్రే సీసాతో ముఖం, మెడ తడుపుతుండాలి. బట్టలు తడుస్తాయన్న భయంతో చాలామంది నీళ్లు తాగడం మానేస్తారు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ మొదలయ్యేది అక్కడే. నీళ్లు తాగాలి, సాధనకు ముందు మూత్రసంచి ఖాళీ చేసుకోవాలి. ఛాతీ ఆరో పూస, ఆ పైన దెబ్బ ఉన్నవాళ్లకు ఉన్నట్టుండి తలపోటు వచ్చి ముఖం ఎర్రబడితే బీపీ ప్రమాదకరంగా పెరిగినట్టే. నిటారుగా కూర్చోబెట్టి, బెల్టులు వదులు చేసి, మూత్రం గొట్టం మడతపడిందేమో చూడాలి. తగ్గకపోతే వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఆటలో ఉన్న మేలు నాకు ఇక్కడే కనిపిస్తుంది. పుండు పడుతోందేమో అద్దం పెట్టి పిరుదులు చూసుకొమ్మని డాక్టర్ చెబితే వాయిదా వేసే మనిషి, ఎర్రమచ్చ వస్తే వారం సాధన పోతుందని తెలిశాక రోజూ చూసుకుంటాడు. టేపు మీద పది సెంటీమీటర్లు పెరిగాయంటే రేపు రావడానికి అదే కారణం. తొందరపడి మొదటి నెలలోనే గుండు ఇవ్వకండి. కుర్చీ తోసే భుజాలకు ముందే అలసట ఉంటుంది. రబ్బరు బ్యాండు వెనక్కి లాగే కసరత్తు తోసేదానికి రెట్టింపు చేయించాలి.

2016 వికలాంగుల హక్కుల చట్టం 30వ సెక్షన్ క్రీడల్లో వాళ్ల భాగస్వామ్యానికి తగిన చర్యలు తీసుకోవాలని ప్రభుత్వాలకు చెబుతోంది, హెడ్‌మాస్టర్ గారికిచ్చే అర్జీలో ఆ మాట రాయండి. యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు), ఆపరేషన్ డిశ్చార్జి కాగితం, ఎంఆర్ఐ రిపోర్టు దాచిపెట్టమని ఇంట్లోవాళ్లకు ఇప్పుడే చెప్పాలి, తరగతి తేల్చేటప్పుడు అవే అడుగుతారు. ఫ్రేమ్ మాత్రం అందాజాగా చేయించొద్దు. కూర్చోబోయే మనిషినే షాపుకు తీసుకుపోయి తుంటి వెడల్పు, పిరుదు నుంచి మోకాలి వెనక దాకా పొడవు కొలిపించి, ఆ తర్వాతే పైపు కోయించండి.