మోల్డోవాలో ఎండిన చేను

మెడిసిన్ చదవడానికి తూర్పు యూరప్‌లోని మోల్డోవా వస్తున్నప్పుడు నా టెన్షన్ అంతా చలి గురించే. ఇక్కడి అసలు కష్టం కరువని 2022 ఎండాకాలంలో ఒక పల్లెకు వెళ్లాక తెలిసింది. నేల చూస్తే నల్లగా, బంగారంలాంటిది. మొక్కజొన్న మాత్రం నడుం ఎత్తు కూడా లేదు. కంకి వలిస్తే ఓ మూల నాలుగు గింజలు, మిగతాదంతా బెండు. "2020లోనూ ఇంతే" అన్నారు ఆ ఇంటి పెద్దావిడ.

ఇలాంటి కరువుల్ని పెంచేది వాతావరణ మార్పు. భూమిని వేడెక్కించే వాయువుల ప్రపంచ ఉద్గారాల్లో ఈ దేశం వాటా 0.1 శాతం కూడా ఉండదు. అయినా 1990తో పోలిస్తే 2030 నాటికి 70 శాతం తగ్గిస్తామని మాటిచ్చింది. వినడానికి ఘనంగానే ఉంది గానీ, అందులో చాలా భాగం, ఒకప్పుడు ఈ దేశం కూడా భాగమైన సోవియట్ యూనియన్ కూలి, ఫ్యాక్టరీలు మూతపడ్డప్పుడే తగ్గిపోయింది. జనం బతుకులు చితికిపోతే తగ్గిన పొగ అది. దాన్ని ఘనకార్యం అనడానికి నాకు మనసొప్పదు.

ద్నీస్టర్ లాంటి పెద్ద నది ఉన్నా చాలా పొలాలకు వానే దిక్కు. సోవియట్ కాలం నాటి పంపులు, పైపులు ఎక్కువగా పాడైపోయాయి. బయటి నుంచి సాయం వస్తే ముందు వాటికే ఖర్చుపెట్టాలంటాను.